కాలు లాక్కుంటే చాలదు

మా పక్క ఫ్లాటువాళ్ల డాష్‌హండ్‌కు ఈ వారం వెనక కాళ్లు చచ్చుబడిపోయాయి. వాళ్లతో పాటు ఆస్పత్రికి నేనూ వెళ్లాను. డాక్టరుగారు పటకారుతో కాలివేలు గట్టిగా నొక్కారు. కుక్క కాలు వెనక్కి లాక్కుంది. "స్పర్శ ఉందండీ!" అని ఆ ఇల్లాలు సంబరపడిపోయింది. ఆయన మందులు రాసి పంపించేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

కాలు లాక్కున్నంత మాత్రాన నొప్పి తెలిసినట్టు కాదు. వెన్నుపాము దెబ్బతిని మెదడుకు కబురు అందకపోయినా కాలు లాక్కుంటుంది. నొప్పి తెలిసిందనాలంటే కుక్క తల తిప్పి చూడాలి, లేదా మూలగాలి, లేదా కరవబోవాలి. నొప్పి తెలుస్తుంటే ఆపరేషన్ తర్వాత పదింట తొమ్మిది దాకా నడుస్తాయి. తెలియకపోతే సుమారు సగమే. అప్పు చేసి ఆపరేషన్ చేయించాలా వద్దా అని ఆ ఇంటివాళ్లు తేల్చుకోవలసింది దీన్నిబట్టే. అదే చెప్పలేదు!

"రెస్ట్ ఇవ్వండి" అన్నారు. వాకింగ్ మానిపిస్తే సరిపోతుందనుకున్నారు వీళ్లు. నిజానికి నాలుగు నుంచి ఆరు వారాలు చిన్న గూట్లో ఉంచి, ఒంటికీ రెంటికీ మాత్రమే బయటికి తీయాలి. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గింది కదా అని సోఫా మీంచి దూకనిస్తే, వెన్నుపామును నొక్కుతున్న వెన్నుపూసల మధ్య డిస్కు ఇంకాస్త పొడుచుకొస్తుంది. మూత్రం సంగతి మరీ ఘోరం. పక్క తడిస్తే పోస్తోందనుకుంటారు. తిత్తి నిండిపోయి పొర్లుతూ ఉండొచ్చు. పొట్ట ఎక్కడ, ఎంత మెల్లగా నొక్కి ఖాళీ చేయాలో చేయిపట్టి చూపించాలి. స్టెరాయిడ్ వాడుతుండగా ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేస్తే కడుపులో పుళ్లుపడి రక్తం పోతుందనీ హెచ్చరించాలి.

బయట క్యూ ఉందంటారు. ఉండనీయండి, పది నిమిషాలు చాలు. రాజేంద్రనగర్‌లోనూ తిరుపతిలోనూ పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. కుట్లు వేయడం నేర్పినంత శ్రద్ధగా యజమానితో మాట్లాడటమూ నేర్పాలి.

అసలు ఈ జాతిని అమ్మేవాళ్లను ఎవరడుగుతున్నారు? డాష్‌హండ్‌లలో దాదాపు నాలుగింట ఒకటి ఈ డిస్కు జబ్బున పడుతుంది. కాళ్లను పొట్టి చేసే జన్యుమార్పుల్లో ఒకటే డిస్కును చిన్న వయసులోనే గట్టిపడేలా చేస్తుందని 2017లో తేలింది. పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలన్న నిబంధనలూ ఆ ఏడాదే వచ్చాయి. ఫోన్లో ఫొటో చూసి అడ్వాన్సు పంపేవాళ్లు ఆ నమోదు నంబరు అడగాలి. టీకాల పుస్తకంతో పాటు, తల్లికీ తండ్రికీ నడుం జబ్బు వచ్చిందో లేదో కాగితం మీద రాయించుకోవాలి. రాయనంటే ఆ పిల్లను తెచ్చుకోవద్దు.