నవ్వినందుకేనా?

2020 వేసవి. కరోనా లాక్‌డౌను. మా తుర్కపల్లి మీదుగా కరీంనగరు పోయే రాజీవ్ రహదారి సైతం బోసిపోయి ఉన్న రోజులు. బి.ఆర్. చోప్రా నిర్మించిన ‘మహాభారత్’ ధారావాహికను దూరదర్శన్ వారు పునఃప్రసారం చేస్తుండగా, మనుమడినీ మనుమరాలినీ చెరొక వైపు కూర్చుండబెట్టుకొని చూచేవాడిని. ద్యూతసభా ఘట్టం వచ్చింది. దుశ్శాసనుడు ద్రౌపదిని జుట్టుపట్టి ఈడ్చుకొని వస్తున్నాడు. పన్నెండేళ్ళ మనుమడు తాపీగా అన్నాడు: “ఆమె గూడ నవ్వింది గద తాతా, అందుకే చేస్తున్నరు.” వాడికంటె రెండేళ్ళు చిన్నదైన మనుమరాలు నా వైపు తిరిగి, “నవ్వితే అట్ల చేస్తరా తాతా?” అని అడిగింది.

ముప్పది యేళ్ళు తెలుగు పాఠం చెప్పినవాడిని. ఆ పిల్లకు వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. అప్పటినుండి మనసులో మెదలుతున్న మాటలను ఇప్పుడు వ్రాస్తున్నాను. కొందరికి కటువుగా తోచవచ్చు.

ముందుగా ఆ నవ్వు సంగతి. వ్యాసభారత సభాపర్వంలో, మయసభలో దుర్యోధనుడు నీట పడినప్పుడు నవ్వినవారు భీముడు, అర్జునుడు, కవలలు, పరిచారకులు. అక్కడ కథకుడు ద్రౌపది పేరు ఎత్తలేదు. ఆ పేరు వినిపించేది అటు తరువాత, హస్తినకు తిరిగివచ్చిన దుర్యోధనుడు తండ్రి ముందు మొర పెట్టుకొన్నప్పుడు, అతని నోట. ఇక ధృతరాష్ట్రుని అంధత్వాన్ని ఎత్తిపొడిచే ఆ ప్రసిద్ధమైన మాట ద్రౌపది అన్నట్లు వ్యాసుడు వ్రాయలేదు. బుల్లితెర ఆమెచేత అనిపించింది, దేశం నమ్మింది. తప్పు చేసినవాడి ఫిర్యాదే చివరకు సాక్ష్యమైపోయింది!

సరే, నవ్విందనే అనుకొందాం. అయితే మాత్రం? మాటకు మాట అనవచ్చు. అలిగి పోవచ్చు. ఒక నవ్వుకు బదులు నిండుసభలో వలువలూడ్చడం ఏ ధర్మశాస్త్రంలో ఉంది?

ప్రతినాయకునిపై జాలి కూడదని నేననడం లేదు. 1977 సంక్రాంతికి ‘దానవీరశూరకర్ణ’ వచ్చినప్పుడు నాకు పదహారేళ్ళు. రామారావుగారు దర్శకత్వం వహిస్తూ కర్ణ, సుయోధన, కృష్ణ పాత్రలు మూడూ తానే ధరించారు. సంభాషణలు కొండవీటి వెంకటకవిగారివి. మా ఈడు వారికి సుయోధనుని మాటలు నేటికీ కంఠస్థమే. ఆ గాంభీర్యానికి నేనూ చేతులు జోడించినవాడినే. అంతదాకా ఎందుకు, వ్యాసుడే స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గంలో అడుగుపెట్టగానే దివ్యాసనం మీద వెలుగుతున్న దుర్యోధనుని చూపించాడు. యుద్ధంలో వెన్ను చూపని వీరునికి ఇవ్వవలసిన గౌరవం ఇచ్చాడు. అంతమాత్రాన సభలో అతను చేసినది సబబేనని మాత్రం అనలేదు.

జాలి వేరు, నిర్దోషి అని తీర్పు చెప్పడం వేరు. ఈ భేదం మన పూర్వకవులకు బాగా తెలుసు. భాసుని ‘ఊరుభంగం’లో తొడలు విరిగి నేలబడిన దుర్యోధనుడు, కొడుకు దుర్జయుని పిలిచి, తనను సేవించినట్లే పాండవులను సేవించమంటాడు. పగతో రగిలిపోతున్న అశ్వత్థామను వారిస్తాడు. అక్కడ మన కన్నులు చెమ్మగిల్లుతాయి. అది అభిమానం చల్లారి, పగ విడిచిన మనిషిని చూచి వచ్చే కన్నీరు. కరుణరసానికి అదీ ఔచిత్యం. నేటి ధోరణి అది కాదు. సెల్‌ఫోనులో అరనిమిషం దృశ్యం, వెనుక విషాద సంగీతం, కర్ణుని కంట నీరు, ఆహా ఎంత అన్యాయం! ఆ అరనిమిషంలో ద్రౌపది ఉండదు. ఆమెను తప్పించిన తరువాత జాలిపడడం చాలా సులభం.

“పరిస్థితులు అతనినట్లా చేశాయి” అంటారు. అట్లాగైతే వికర్ణుని ఏం చేద్దాం? అతను దుర్యోధనుని తోడబుట్టినవాడు. అదే తల్లి, అదే గ్రుడ్డితండ్రి, అదే అంతఃపురం, అవే దాయాది పగలు. భీష్మద్రోణులు మాట పెగలక కూర్చున్న సభలో ఆ చిన్నవాడు లేచి, ద్రౌపదిని పణంగా ఒడ్డడం చెల్లదన్నాడు. పరిస్థితులే మనిషిని చేసేటట్లయితే వికర్ణుడు పుట్టి ఉండకూడదు.

ఆ వికర్ణుని నోరు మూయించినదెవరు? మన కన్నీటి కథానాయకుడు కర్ణుడే. ద్రౌపదిని అనరాని మాట అన్నదీ, పాండవుల వస్త్రాలతోపాటు ఆమె వస్త్రాలను కూడా తీయమని దుశ్శాసనునికి చెప్పినదీ అతనే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, న్యాయమైనదే. కులం పేరుతో కర్ణుని నిండు రంగస్థలంలో అవమానించలేదా? అవమానించారు. అది ముమ్మాటికీ అన్యాయం. ఆ ఘట్టం చెప్పేటప్పుడు తరగతిలో నా గొంతు పూడుకుపోయేది. కాని ఆనాడు కులమడిగినవాడు కృపుడు, ఎగతాళి చేసినవాడు భీముడు. ఏళ్ళ తరువాత ఆ అవమానపు బరువు ఎవరి మీద పడింది? రక్షించే దిక్కులేక ఏకవస్త్రగా నిలిచిన స్త్రీ మీద. అవమానం పొందినవాడు తనకంటె దిక్కులేనివారిని అవమానిస్తే లెక్క తీరిపోదు, అవమానం రెండింతలవుతుంది.

విశేషమేమంటే, ఈ సంగతి కర్ణునికే తెలుసు. ఉద్యోగపర్వంలో కృష్ణునితో ఏకాంతంగా మాట్లాడుతూ, దుర్యోధనుని మెప్పుకోసం పాండవులను పరుషంగా ఆడినందుకు ఇప్పుడు పరితపిస్తున్నానని చెప్పుకొన్నాడు. కర్ణుడే ఒప్పుకొన్న తప్పును కర్ణాభిమానులు ఒప్పుకోకపోవడం ఏమి వింత!

ఇంతవరకు ఇతరులను అన్నాను. ఇక నా వంతు. పాఠశాల వార్షికోత్సవం వచ్చిందంటే మా తెలుగు పండితులకు ఒక ఆనవాయితీ ఉండేది. గొంతున్న కుర్రవాడిని చూచి, అట్టముక్కతో గద చేయించి, ‘మయసభ’ ఏకపాత్రాభినయం నేర్పేవాళ్ళం. ఎన్ని సంవత్సరాలు నేర్పానో లెక్కలేదు. వాడు మీసం దువ్వి అడుగు వేయగానే చప్పట్లు మారుమ్రోగేవి. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి. ఒక్క సంవత్సరమైనా, ఒక్క ఆడపిల్లకైనా, సభలో ద్రౌపది వేసిన ప్రశ్నను నేర్పి వేదిక ఎక్కించానా? తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా అనే ఆ ప్రశ్నకు కురువృద్ధులే జవాబు చెప్పలేకపోయారే! వికర్ణుని పాత్ర ఒక్క పిల్లవాడికైనా ఇచ్చానా? లేదు. టీవీ వారిని నిందించే ముందు నా మనుమడి మాటలో నా పాలు ఎంతో నేను లెక్క చూచుకోవాలి.

ఆనాడు మనుమరాలికి ఆలస్యంగానైనా సమాధానం చెప్పాను: “చెయ్యరాదు బిడ్డా. నవ్వినా చెయ్యరాదు, తిట్టినా చెయ్యరాదు.” మనుమడు తల వంచుకొని విన్నాడు. వాడికి వికర్ణుని కథ చెప్పాను. “మరి ఆయన గురించి ఎవ్వరు చెప్పరెందుకు తాతా?” అన్నాడు.

తోటి పండితులారా, ఆ ప్రశ్న మనదే. ఈసారి వార్షికోత్సవానికి మయసభ వేయించండి, వద్దనను. దాని వెంటనే ద్యూతసభ కూడా వేయించండి. నా మాటలో పొరపాటుంటే విజ్ఞులు సరిదిద్దగలరు.