సాక్షుల పేర్లకు తాళం

ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరొకటి మన ఆఫీసుకు కొన్నాం. అట్రాసిటీ కేసుల కాగితాలు, సాక్షుల పేర్లు ఇక అందులోనే. 1985 కారంచేడు మారణకాండకు ముఖ్య సాక్షి అలీసమ్మను చంపేశారు. పేరు బయటపడితే ఏమవుతుందో మన పల్లెలకు వేరే చెప్పాలా?

అందుకే పాతదంతా చెరిపి డెబియన్ ఎక్కించాం. ఖరీదు లేదు, దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు. ఎక్కించేటప్పుడే డిస్కంతా ఎన్‌క్రిప్ట్ చెయ్యమనాలి. అప్పుడు ఆపేసిన కంప్యూటర్‌ను ఎత్తుకుపోయినా పొడవాటి పాస్‌వర్డ్ లేందే అక్షరం కనబడదు. నడుస్తున్నంతసేపూ మాత్రం తాళం తీసున్నట్టే. టీకి పోయేవాళ్లు కూడా ఆపి పోండి.

పాస్‌వర్డ్ మరిస్తే మనకూ దక్కదు. ఒక్క నాయకుడికే తెలిస్తే ఉద్యమం ఆయన జేబులో పడ్డట్టే (మనకీ జబ్బుంది!). ఇద్దరికి తెలియాలి, అందులో ఒకరు మహిళ కావాలి. ఆ ఇద్దరెవరో వచ్చే సమావేశంలో తేల్చుకుందాం.