దస్త్రం చేరకుండా తనిఖీ ఏమిటి?

మన దేశంలో తుపాకీ కావాలంటే ముందు లైసెన్సుకు దరఖాస్తు పెట్టి, పోలీసు విచారణ పూర్తయ్యేదాకా ఎదురుచూడాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దుకాణానికి వెళ్లి, గుర్తింపు కార్డు చూపి, 4473 నంబరు ఫారం నింపితే సరిపోతుంది. డీలరు ఆ వివరాలతో ఎఫ్‌బీఐని సంప్రదిస్తాడు, సాధారణంగా నిమిషాల్లో జవాబు వస్తుంది. 1981లో అధ్యక్షుడు రీగన్‌పై హత్యాయత్నం జరిగినప్పుడు తూటా తగిలిన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రేడీ పేరుతో 1993లో వచ్చిన చట్టమే ఈ తనిఖీకి మూలం. 1998 నవంబరు 30 నుంచి ‘నిక్స్’ పేరుతో నడుస్తున్న ఈ వ్యవస్థ వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌లో ఉంది. అది వెతికేది మూడు చోట్ల. వారెంట్లు, రక్షణ ఉత్తర్వులు ఉండే జాతీయ నేర సమాచార కేంద్రం ఒకటి, రాష్ట్రాల నేరచరిత్రల సూచిక మరొకటి, తుపాకీ కొనే అర్హత లేనివాళ్ల కోసమే పెట్టిన జాబితా మూడోది. ఎవరికి అమ్మకూడదో చట్టం స్పష్టంగానే చెప్పింది. కొనడానికి వచ్చిన మనిషి పేరు వీటిలో ఎక్కిందా లేదా అన్నదే తేలాలి. తుపాకుల మీద అక్కడ సాగే వాదనల్లో కొత్త నిషేధాల మాట వినిపించినంతగా, ఉన్న నిషేధం దస్త్రాల్లోకి ఎక్కుతోందా అన్న ప్రశ్న వినిపించదు. గండి ఉన్నది మాత్రం అక్కడే.

ముగ్గురు హంతకుల సంగతి చూడండి. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపిన విద్యార్థి తనకు తానే ప్రమాదకరమని 2005లోనే న్యాయాధికారి తేల్చి, ఆసుపత్రిలో ఉండకుండానే చికిత్స పొందాలని ఆదేశించారు. ఫెడరల్ చట్టం ప్రకారం అతనికి తుపాకీ అమ్మకూడదు. కానీ అలాంటి ఆదేశాలను వర్జీనియా రాష్ట్రం అప్పట్లో నిక్స్‌కు పంపేది కాదు. అతను రెండు పిస్తోళ్లు కొన్నాడు, రెండుసార్లూ తనిఖీ దాటాడు. 2015 జూన్‌లో చార్ల్స్‌టన్ చర్చిలో తొమ్మిది మందిని కాల్చినవాడి మీద మాదకద్రవ్యాల కేసు ఉంది. అరెస్టు చేసింది ఏ పోలీసు విభాగమో రికార్డులో తప్పుగా పడటంతో, తనిఖీ చేసిన ఉద్యోగి వేరే కార్యాలయాన్ని అడిగారు. ఈలోగా ఎఫ్‌బీఐ జవాబివ్వాల్సిన మూడు పనిదినాల గడువు ముగిసింది, తుపాకీ అతని చేతికి వచ్చింది. నాటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ ఈ పొరపాటును బహిరంగంగా ఒప్పుకున్నారు. 2017 నవంబరులో టెక్సస్‌లోని సదర్‌లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో 26 మంది ప్రాణాలు తీసినవాడికి భార్యను, సవతి కొడుకును కొట్టినందుకు 2012లో సైనిక కోర్టు శిక్ష వేసింది. ఆ శిక్ష వివరాలను వైమానిక దళం ఎఫ్‌బీఐకి పంపనే లేదు. ఈ ఘోరంలో 60 శాతం బాధ్యత ప్రభుత్వానిదేనని ఫెడరల్ న్యాయమూర్తి 2021లో తేల్చారు. మూడు చోట్లా చట్టం ఉంది, కాగితమే సమయానికి చేరాల్సిన చోటికి చేరలేదు.

ఇలా ఎందుకు జరుగుతోంది? సమాఖ్య ప్రభుత్వపు పనిని రాష్ట్రాల అధికారుల నెత్తిన రుద్దకూడదని 1997లో ప్రింట్జ్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు చెప్పింది. అప్పటి నుంచి రికార్డులు పంపమని రాష్ట్రాలను బతిమాలడం, నిధులు ఆశ చూపడం తప్ప వాషింగ్టన్ చేతిలో పెద్దగా ఏమీ లేదు. వర్జీనియా టెక్ తర్వాత 2008లో వచ్చిన చట్టం చేసింది అదే. ఫలితం బొత్తిగా లేదనలేం. నిక్స్‌లో మానసిక ఆరోగ్య రికార్డులు 2004లో సుమారు 1.26 లక్షలుండగా 2011 నాటికి 12 లక్షలకు పెరిగాయి. అయితే ఆ పెరుగుదలలో అధికభాగం 12 రాష్ట్రాలదేనని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం లెక్క తేల్చింది. మిగతా రాష్ట్రాలు నిద్రపోయినట్టే. సదర్‌లాండ్ స్ప్రింగ్స్ తర్వాత 2018లో తెచ్చిన చట్టం ఇంకా విచిత్రం. రికార్డులు పంపని ఫెడరల్ శాఖలో రాజకీయంగా నియమితులైన అధికారులకు బోనస్ ఆపాలని అందులో రాశారు! ప్రాణాలు పోయే నిర్లక్ష్యానికి అది చాలా చవకైన శిక్ష.

దస్త్రం అసంపూర్ణంగా ఉన్నప్పుడు ఏం చేయాలన్నదానికీ చట్టం వింత సమాధానమే ఇచ్చింది. మూడు పనిదినాల్లో ఎఫ్‌బీఐ ఏ సంగతీ చెప్పకపోతే డీలరు అమ్మేయవచ్చు. అంటే జవాబు రాకపోవడమే అనుమతి అన్నమాట. జవాబు వచ్చేదాకా అమ్మబోమని వాల్‌మార్ట్ తనకు తానే నియమం పెట్టుకుంది. చట్టానికి మాత్రం ఆ పట్టింపు లేదు. ఈ గడువును పెంచే బిల్లును ప్రతినిధుల సభ 2019లోనూ 2021లోనూ ఆమోదించినా సెనేట్‌లో అది కదలలేదు. 2022 చట్టం 21 ఏళ్లలోపు కొనుగోలుదారుల విషయంలో మాత్రం అవసరమైతే పది పనిదినాల దాకా వెసులుబాటు ఇచ్చింది. ఇరవై రెండేళ్లవాడి దస్త్రంలో మాత్రం ఖాళీలు ఉండవా?

దస్త్రాలు పెరిగితే తుపాకీ యజమానులందరి చిట్టా ప్రభుత్వం చేతికి వస్తుందన్నది మొదటి అభ్యంతరం. ఆ భయానికి ఆధారం లేదు. కేంద్రీకృత తుపాకుల రిజిస్టర్‌ను 1986 చట్టమే నిషేధించింది. తనిఖీలో నెగ్గినవాళ్ల వివరాలను 24 గంటల్లోగా నిక్స్ చెరిపేయాలి. ఇక్కడ అడుగుతున్నది కోర్టులు ఇప్పటికే అనర్హులుగా తేల్చినవాళ్ల రికార్డు. మానసిక రోగులపై ముద్ర పడుతుందన్న ఆందోళన ఇంతకంటే బరువైనది. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లినంత మాత్రాన, ఒక జబ్బు ఉన్నంత మాత్రాన ఎవరి పేరూ జాబితాలోకి రాదు; న్యాయాధికారి తీర్పో, బలవంతపు చేరికో ఉండాలి. ఇక పేర్లు కలిసి అమాయకుల కొనుగోళ్లు ఆగిపోతున్నాయన్న ఫిర్యాదు నిజమే, ఎందుకంటే వెతుకులాట వేలిముద్రలతో కాక పేరు, పుట్టినతేదీ వంటి వివరాలతో సాగుతుంది. అరెస్టు నమోదై, కేసు కొట్టివేత నమోదు కాని రికార్డుతో నష్టపోయేదీ అలాంటివాళ్లే. ఆ బాధకు మందు కూడా పూర్తి రికార్డే. నేరస్తులు దుకాణాల్లో కొనరన్న వాదన చాలా సందర్భాల్లో సరైనదే కావచ్చు. దొంగ తుపాకులను, తనిఖీ అక్కర్లేని ప్రైవేటు అమ్మకాలను నిక్స్ ఆపలేదు. అయితే పైన చెప్పిన ముగ్గురూ ఆయుధాలు కొన్నది లైసెన్సున్న డీలర్ల దగ్గరే.

జవాబు వచ్చేదాకా అమ్మకం ఆపాలి, రికార్డు పంపని కోర్టు, శాఖ పేర్లను ఏటా బయటపెట్టాలి. మొదటిది కాంగ్రెస్ చేతిలో ఉంది, రెండోదాన్ని రాష్ట్రాలు రేపే మొదలుపెట్టవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని అక్కడ ఓటు వేస్తున్న తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఓటు అడగడానికి వచ్చే రాష్ట్ర చట్టసభ అభ్యర్థిని ఒక్కటే అడగండి: మన కోర్టు ఇచ్చిన తీర్పు నిక్స్‌కు చేరడానికి ఎన్ని రోజులు పడుతోంది?