ఆ పెట్టె లేకపోతే పాట ఆగిపోద్దా?



ఈ వారం ఒక వస్తువు గురించి రాస్తున్నాం. బేస్ గిటారు ఇంట్లో సాధన చేసుకోవడానికి వాడే చిన్న ఆంప్లిఫయరు, అందులోనూ ఫోనులో యాప్ పెట్టి నడిపే డిజిటల్ రకం. "పాస్టరు గారికి ఈ గొడవ ఎందుకు?" అని మీలో కొందరు నవ్వుకుంటారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. కానీ రెండు నెలలుగా మన సంఘంలో ఈ పెట్టె మీద జరిగినంత చర్చ మందిరం గోడకు సున్నం వేసినప్పుడు కూడా జరగలేదు. కొన్నది కానుకల డబ్బుతో గనుక ఎందుకు కొన్నామో, ఎలా ఎంచుకున్నామో మీకు చెప్పాల్సిన బాధ్యత మాది. దూరంగా ఉండి ఇవి చదువుతున్న మన పిల్లలకూ, తమ సంఘాలకు ఇలాంటివి కొనబోయేవారికీ కూడా పనికొస్తుందని ఆశ.

మన క్వయిర్‌లో బేస్ వాయించే తమ్ముడు మీకు తెలుసు. వాళ్ళ మేనమామ వాడి పక్కన పెట్టిన నాలుగు తీగల గిటారు అది. ఆదివారం మిక్సర్‌లో తగిలించి వాయిస్తాడు. మిగతా ఆరు రోజులూ ఇంట్లో ఏ పెట్టే లేకుండా, ఉత్త గిటారు ఒళ్ళో పెట్టుకుని సాధన. బేస్ గిటారు పెట్టె లేకుండా వాయిస్తే పక్కన కూర్చున్నవాడికి కూడా సరిగ్గా వినబడదు. తనకు వినబడాలని తీగను గట్టిగా లాగి కొట్టడం అలవాటైపోయింది. ఆదివారం అదే దెబ్బ మిక్సర్‌లోంచి వస్తే దబదబమని మోత. వాయించని తీగలు వాటంతట అవే మోగుతుంటాయి. వాటిని వేళ్ళతో ఆపి ఉంచడం బేస్‌లో సగం విద్య. కానీ ఉత్త గిటారు మీద ఆ మోగడం వినబడదు, వినబడనిదాన్ని దిద్దుకోవడం ఎవరికి సాధ్యం? ఆ పిల్లవాడిని "తగ్గించరా" అని మేమే ఎన్నోసార్లు మందలించాం. తప్పు చేతిది కాదని ఆలస్యంగా తెలుసుకున్నాం.

సంఘ పెద్దల కూటంలో విషయం పెట్టాం. ఒకరు పెద్దది కొందామన్నారు. ఇంకొకరు "బేస్ అసలు ఎవరికి వినబడుతుందండీ, కీబోర్డు ఉంది కదా" అన్నారు. అప్పుడు వెనక చాప మీద కూర్చున్న మన మామ్మగారు లేచి, "అయ్యగారూ, ఆ పెట్టె లేకపోతే పాట ఆగిపోద్దా?" అని అడిగారు. కోతల రోజుల్లో కూలికి వెళ్ళి, అందులోంచి ఆదివారం కానుక వేసే మనిషి ఆమె. ఎగతాళికి అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా డబ్బు ముట్టుకోకూడదని ఆ రాత్రి మేమిద్దరం ఇంట్లో అనుకున్నాం.

నిజాయితీగా చెప్పాలంటే పాట ఆగదు. చప్పట్లతో, డోలకుతో ఈ ఊళ్ళో ఎన్నో ఏళ్ళు పాడాం. అయితే మనం పాడుతూ పాడుతూ మూడో చరణానికి పరుగెత్తుతాం. ఆడవాళ్ళ వైపు ఒక తాళం, మగవాళ్ళ వైపు ఇంకో తాళం అవుతుంది. బేస్ చేసే పని అక్కడే ఉంది. అది తాళాన్నీ రాగాన్నీ కలిపి కింద నుంచి పట్టుకుంటుంది. బాగా వాయిస్తే అది ఉందని ఎవరూ గమనించరు, పాట నిలబడిందని మాత్రం తెలుస్తుంది. దావీదు మాట గుర్తుకొచ్చింది. 1 సమూయేలు 16వ అధ్యాయంలో సౌలు సేవకులు వెదికింది నేర్పుగల వాయిద్యకారుణ్ణి. అతడు ఎక్కడ నేర్చుకున్నాడో అక్కడ రాసి లేదు. గొర్రెల దగ్గర, ఎవరూ వినని చోట అయి ఉంటుందని మనం ఊహించుకోవచ్చు. వేదిక మీద వాయించే గంటకు వెనక ఎవరూ వినని గంటలు చాలా ఉండాలి. మనం కొనబోయేది ఆ గంటల కోసమేనని పెద్దలకు చెప్పాం. ఒప్పుకున్నారు. "పెద్దది వద్దు, సాధనకు సరిపోయేది చాలు" అని మామ్మగారే ముగించారు.

మొదటిసారి టౌనుకు వెళ్ళి ఖాళీ చేతులతో వచ్చాం. ఆ సంగతి కూడా చెప్పాలి. షాపులో చూపించిన పెట్టె ముద్దుగా ఉంది. ఫోనులో యాప్ వేసుకుంటే వేల రకాల శబ్దాలు వస్తాయన్నారు. తమ్ముడు ఫోను తీశాడు. యాప్ దిగడానికే చాలాసేపు పట్టింది, ఆ రోజు డేటా అయిపోయింది. షాపువాళ్ళ వైఫై తీసుకున్నాం. ఖాతా తెరవమంది. మెయిల్‌కు వచ్చిన కోడ్ కొట్టమంది. ఆ మెయిల్ ఉన్నది వాళ్ళన్న ఫోనులో, అన్న హైదరాబాదులో డ్యూటీలో ఉన్నాడు. అన్న ఫోను ఎత్తేసరికి మాకు బస్సు టైమైంది. ఒక్క తీగ కూడా సరిగ్గా వాయించి చూడకుండా బయటపడ్డాం. బస్సులో ఆ పిల్లవాడు ఏమీ మాట్లాడలేదు. మాకు మాత్రం ఒక సంగతి గట్టిగా తెలిసింది: ఫోను లేకపోతే మూగబోయే పెట్టె మన ఊరికి పనికిరాదు.

ఎందుకో ఆలోచించండి. మన ఇళ్ళలో చాలామందికి మంచి ఫోను ఒక్కటే. అది నాన్నతో పాటు పొలానికో ఆటో స్టాండుకో పోతుంది. పిల్లవాడు కాలేజీ నుంచి వచ్చి సాధనకు కూర్చునే వేళకు ఫోను ఇంట్లో ఉండదు. ఉన్నా, మధ్యలో వాట్సాప్ మోగుతుంది, చేయి అటు పోతుంది. పైగా పెట్టె పదేళ్ళు నడుస్తుంది గానీ ఫోనులు రెండు మూడేళ్ళకే మారతాయి. కొత్త ఫోనులో ఆ కంపెనీ పాత యాప్ నడుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

అలాగని యాప్ చెడ్డదని మేం అనడం లేదు. ట్యూనరు, మెట్రోనోము, వెంట వాయించుకోవడానికి డ్రమ్ములు అందులో దొరికితే గురువు లేని పల్లెలో అది గొప్ప సాయం. శబ్దాన్ని వేళ్ళతో తెర మీద దిద్దుకుని, పెట్టెలోనే దాచుకోవచ్చు. మా అభిప్రాయం ఇంతే: యాప్ పనివాడిగా ఉండాలి, యజమాని కాకూడదు. వేల శబ్దాలు ఉన్నచోట పిల్లలు గంటసేపు శబ్దాలే మారుస్తూ కూర్చుంటారు. అది సాధన కాదు. సంఘంలో వాయించడానికి రెండు మూడు శబ్దాలు చాలు.

ఇక కొనేవారు చూసుకోవలసినవి, మేం అడిగి తెలుసుకున్నంతవరకు చెబుతాం.

మొదట స్పీకరు. బేస్ గిటారు అడుగు తీగ ఉత్తగా మోగితే సెకనుకు దాదాపు 41 కంపనాలు. అంత లోతైన శబ్దం ఫోను స్పీకరులోంచి రాదు. అందుకే ఫోనులో పాట వింటూ "ఇందులో బేస్ లేదు" అనుకుంటాం. లోతైన శబ్దానికి గాలిని ఎక్కువగా కదపాలి, దానికి స్పీకరు వెడల్పూ పెట్టె కొలతా కావాలి. షాపుల్లో మాత్రం ముందు వాట్లే చెబుతారు. 25 వాట్లకు బదులు 50 వాట్లు పెడితే శబ్దం రెండింతలు కాదు, పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. పేరున్న రెండింటిని ఉదాహరణకు చూడండి. ఫెండర్ రంబుల్ ఎల్‌టీ 25 అన్నది 25 వాట్లు, 8 అంగుళాల స్పీకరు ఒకటి. శబ్దాలు మార్చడానికి చిన్న తెర, నాబులు పెట్టె మీదే ఉంటాయి. పాజిటివ్ గ్రిడ్ వారి స్పార్క్ 40 అన్నది 40 వాట్లు, 4 అంగుళాల స్పీకర్లు రెండు. గిటారుకూ బేస్‌కూ కూడా పనికొస్తుంది, బ్లూటూత్ యాప్‌తో చాలా చేస్తుంది, పైన నాబులూ ఉన్నాయి. రెండూ డిజిటల్ రకమే, దారులు వేరు. వాట్ల అంకె చూసి ఏది గొప్పదో తేల్చకండి. అడుగు తీగ వాయించి మీ చెవితో తేల్చండి.

రెండోది హెడ్‌ఫోను. మా దృష్టిలో ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆ తమ్ముడి ఇంటి గోడ ఆనుకుని ఒక పెద్దాయన చాలాకాలంగా మంచం మీద ఉన్నారు. బేస్ శబ్దం గోడలు దాటి పోతుంది. దేవుని పాట సాధన పేరుతో రోగికి నిద్ర లేకుండా చేస్తే అది ఆరాధన ఎలా అవుతుంది? హెడ్‌ఫోను పెట్టుకుంటే రాత్రి తొమ్మిదింటికి కూడా వాయించుకోవచ్చు. అయితే తీగ ఉన్న హెడ్‌ఫోనే కొనాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోనుల్లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. పాట వినడానికి తెలియదు గానీ, వాయించేవాడికి తాళం తప్పుతుంది.

మూడోది బ్లూటూత్ అనే మాట. పెట్టె మీద ఆ మాట ఉంటే ఏ పనికి అని అడగండి. ఫోనులో పాట పెట్టెలోంచి వినిపించడం ఒక పని. యాప్‌తో శబ్దం మార్చడం ఇంకో పని. కొన్నింటిలో ఒకటే ఉంటుంది. కొన్ని కేబుల్‌తో కంప్యూటరుకు తగిలిస్తే తప్ప యాప్ మాట వినవు. ఇంట్లో కంప్యూటరు లేనివారు ఇది ముందే తెలుసుకోవాలి.

నాలుగోది కరెంటు. ఎర్త్ సరిగ్గా లేని ఇంట్లో గుయ్యిమని మోత వస్తుంది. మోత ఒక్కటే అయితే ఫరవాలేదు, తీగలు పట్టుకుని మైకు ముట్టుకుంటే షాక్ కొట్టే ప్రమాదం కూడా ఉంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఒక పిన్ను విరగ్గొట్టి వాడకండి. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి.

ఐదోది, సాధన పెట్టెతో మందిరం నింపాలని చూడకండి. డ్రమ్ముల పక్కన దాన్ని పూర్తిగా పెంచితే శబ్దం పగులుతుంది, స్పీకరు పాడవుతుంది. ఆదివారం మిక్సర్‌కే తగిలించి, ఈ పెట్టె వాయించేవాడి దగ్గర తనకు వినబడేంత పెట్టుకుంటే చాలు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాం. షాపు గుమ్మంలోనే తమ్ముడి ఫోను స్విచ్ ఆఫ్ చేయించాం. నాబులతోనే శబ్దం కుదురుతుందా, అడుగు తీగ నిండుగా వస్తుందా, పెట్టె ఆపి మళ్ళీ వేస్తే దాచిన శబ్దం ఉందా, అన్నీ చూశాం. ఆ తర్వాతే ఫోను వేసి యాప్ చూశాం. చూసిన వాటిలో ఖరీదైనదాన్ని వదిలి 8 అంగుళాల స్పీకరు ఉన్న ఒక చిన్నది తెచ్చాం. అనుకున్న సొమ్ములో కొంత మిగిలింది. అది గోడ పక్క పెద్దాయన మందులకు ఇవ్వాలని పెద్దలు తీర్మానించారు. పెట్టె సంఘం రిజిస్టరులో రాశాం. వారం రోజులూ తమ్ముడింట్లో ఉంటుంది, శనివారం సాయంత్రం మందిరానికి వస్తుంది. నేర్చుకుంటానని ముందుకొచ్చిన ఇద్దరు ఆడపిల్లలకు ఆ సాయంత్రం అతడే నేర్పాలన్నది షరతు.

యాప్ మాటకొస్తే, మూడు శబ్దాలు దిద్ది పెట్టెలో దాచాడు. ఆ తర్వాత ట్యూనరుకూ మెట్రోనోముకూ తప్ప ఫోను ముట్టుకోవడం లేదని వాళ్ళమ్మ చెప్పింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీ సంఘంలో పైకప్పు కారుతుంటే ముందు కప్పు వేయించండి. ఎవరింట్లోనైనా పొయ్యి వెలగకపోతే ముందు బియ్యం ఇవ్వండి. పక్క ఊరి సంఘంలో ఉందని మాత్రం కొనకండి. నేర్చుకోవాలని నిజంగా కూర్చునే బిడ్డ ఉంటే, ఆ బిడ్డకు తన తప్పు తనకు వినబడేలా చేసే పెట్టె కొనివ్వడం దుబారా కాదని మేం నమ్ముతున్నాం. తల్లిదండ్రులారా, సాయంత్రం అరగంట ఫోను ఇవ్వండి. "టింగు టింగు మంటావేంట్రా" అని ఎగతాళి చేయకండి.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మామ్మగారు ఆ పెట్టె దగ్గరికి వచ్చి చేత్తో తడిమి చూశారు. "ఏం మామ్మా, పాట ఆగిపోయేదంటారా?" అని నవ్వుతూ అడిగాం.

"ఆగేది కాదు అయ్యగారూ. కానీ ఇయ్యాల మూడో చరణంలో నేను వెనకబడలేదు" అన్నారు.

ఆమె కూలి డబ్బుకు మేం ఇవ్వగలిగిన లెక్క అదే. తమ్ముడి కోసం, నేర్చుకుంటున్న ఆ ఇద్దరు పిల్లల కోసం, గోడ పక్క పెద్దాయన కోసం ఈ వారం ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువు కృప మీకు తోడై ఉండును గాక.