భయపడేవారితోనే దేవుడు మాట్లాడాడు



ఈ వారం ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెట్టాలి. ఆ తప్పు మాదే.

మా సంఘంలో ఒక సహోదరి ఉన్నారు. పత్తి తీతకు, మిరప కోతకు కూలికి వెళ్లి పిల్లలను చదివించుకున్న తల్లి. ఆదివారం అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేది ఆమే. ఆమెకు రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక మా ఇంట్లో అమ్మగారి దగ్గర కూర్చొని ఏడ్చేశారు. ఇన్నాళ్లు ఎందుకు దాచావమ్మా అని అడిగితే ఆమె అన్న మాట ఇది: "విశ్వాసికి భయం ఉండకూడదని అయ్యగారు చెప్పారు గదమ్మా. నాకేమో భయమేసింది. చెబితే దీని విశ్వాసం ఇంతేనా అనుకుంటారని ఊరుకున్నా."

ఆ ప్రసంగం మాకు గుర్తుంది. బల్ల గుద్ది చెప్పాము. అందరూ ఆమేన్ అన్నారు. ఆమె కూడా అనే ఉంటారు.

ఇంకా ముందే రావలసింది అన్నారు డాక్టరు గారు. ఆపరేషన్ అయింది, మందులు వాడుతున్నారు. ఈ సంగతి ఆమె అనుమతితోనే రాస్తున్నాము. "నాలాగా ఇంకొకరు దాచుకోకూడదు, రాయండయ్యా" అన్నారు.

ఆ రోజు నుండి వాక్యాన్ని మళ్లీ చదువుతున్నాము. ‘భయపడకుము’ అనే మాట బైబిల్లో రోజుకొకటి చొప్పున 365 సార్లు ఉందని చాలామంది ప్రసంగాల్లో చెబుతుంటారు. మేమూ చెప్పాము. కూర్చొని వెదికితే అన్ని రావు. కానీ లెక్క కంటే విలువైన సంగతి ఒకటి కనబడింది. ఆ మాట దేవుడు ఎవరితో అన్నాడు? భయపడుతున్నవారితోనే. ధైర్యంగా ఉన్నవాడికి ఆ మాటతో పనేముంది?

కొరింథు పట్టణంలో ప్రభువు రాత్రివేళ దర్శనమిచ్చి పౌలుతో భయపడవద్దని చెప్పాడు (అపొ. కార్యములు 18). పౌలుకు కూడా భయమా? అవును. మీ యొద్దకు వచ్చినప్పుడు భయంతో, వణుకుతో ఉన్నానని ఆ కొరింథువారికే ఆయన పత్రికలో రాశాడు. అపొస్తలుడు దాచుకోనిది మనం ఎందుకు దాచుకుంటున్నాం?

దావీదును చూడండి. గొల్యాతును పడగొట్టినవాడు. సౌలు నుండి పారిపోతూ, గొల్యాతు ఖడ్గమే చేతబట్టుకొని, గొల్యాతు సొంత ఊరైన గాతుకు వెళ్లాడు. అక్కడ ఆకీషు రాజుకు ఎంత భయపడ్డాడంటే, పిచ్చివాడిలా నటించి గడ్డం మీద ఉమ్మి కార్చుకున్నాడు (1 సమూయేలు 21). గాతులో ఫిలిష్తీయులు తనను పట్టుకున్న సమయాన్ని బట్టే 56వ కీర్తన రాసినట్టు దాని పైన ఉంది. అందులో తనకు భయం లేదని మొదలుపెట్టలేదు. భయం కలిగిన రోజునే దేవుణ్ణి ఆశ్రయిస్తానన్నాడు. భయమూ నమ్మకమూ రెండూ ఒకే రోజున, ఒకే గుండెలో ఉన్నాయి.

దేవుడు మనకు పిరికితనముగల ఆత్మను ఇయ్యలేదు గదా, దానికేమంటారు అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. పౌలు ఆ మాట రాసింది తిమోతికి. దానికి మూడు వచనాల ముందే తిమోతి కన్నీళ్లు తలచుకొని, నిన్ను చూడాలని ఉందన్నాడు. కన్నీళ్లు కార్చే వాడిని తోసివేయలేదు, దగ్గరకు తీసుకున్నాడు. మా మట్టుకు మాకు అర్థమైంది ఇది. గుండె దడదడలాడటం పిరికితనం కాదు. ఆ దడకు లొంగి నోరు మూసుకోవడం, పరీక్షకు వెళ్లకపోవడం, అప్పు సంగతి ఇంట్లో చెప్పకపోవడం, అక్కడ భయం మన మీద గెలుస్తుంది. మా సహోదరిని అలా ఓడించిన భయానికి మా ప్రసంగం తోడైంది. అదే మా బాధ.

విశ్వాసం ఉంటే ఆసుపత్రి ఎందుకు అనేవారికి కూడా ఒక మాట. ఓడలో పౌలుకు దేవుని దూత భయపడవద్దని చెప్పాడు, అందరూ బ్రతుకుతారని మాట ఇచ్చాడు. ఆ మాట పట్టుకొని పౌలు చేతులు కట్టుకొని కూర్చోలేదు. పారిపోబోయిన నావికుల సంగతి సైనికులకు చెప్పి ఆపించాడు. 14 రోజులు సరిగా తిండి లేనివారిని బ్రతిమాలి తినిపించాడు. 276 మంది ఒడ్డుకు చేరారు. వాగ్దానాన్ని నమ్మినవాడే పనికి కూడా పూనుకున్నాడు.

ఇప్పుడు మా శుక్రవారం ప్రార్థనలో సాక్ష్యాలకు ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాము: ఈ వారం మీకు దేని గురించి భయంగా ఉంది? మొదటి వారం ఎవరూ లేవలేదు. అందుకని మేమే లేచి మా భయం చెప్పాము. రెండో వారం ఒక పెద్దాయన బోరు కోసం చేసిన అప్పు గురించి చెప్పారు. నీళ్లు పడలేదట, భార్యకు కూడా తెలియదట. ఆయన అప్పు ఇంకా తీరలేదు. కానీ ఆ రాత్రి ఇంటికి వెళ్లి భార్యకు చెప్పారు.

ప్రియులారా, మీకు భయంగా ఉంటే ప్రార్థనలో ప్రభువుతో చెప్పండి. తరువాత ఒక మనిషితో కూడా చెప్పండి. మాకైనా సరే. మేము ఇక తప్పుపట్టము.

ప్రభువా, భయపడేవారికి నీవు తోడుంటావని మేము నమ్ముచున్నాము. వారి మాట వినే చెవులు మా సంఘానికి దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.