అమ్మ ఫోన్‌లో రెండు బాణాలు

మా అమ్మ ఉపాధి హామీ కూలీ. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు రాదు. కూలి పడిందో లేదో చూద్దామని ఒకరోజు బ్యాంకు యాప్ తెరిచింది. ఎదురుగా రెండు గుండ్రటి బొమ్మలు. రెండింటిలోనూ రూపాయి గుర్తు, పక్కన చిన్న బాణం. ఒక బాణం పైకి, ఇంకోటి కిందికి. ఒకటి డబ్బు పంపడానికి, మరొకటి వచ్చిన డబ్బు చూసుకోవడానికి. కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. అమ్మ పంపేదాన్ని నొక్కింది. ఎవరి నంబరుకు పంపాలని యాప్ అడిగేసరికి భయపడి ఫోన్ పక్కన పెట్టేసింది.

మర్నాడు వాడ నుంచి ఊళ్లోకి వెళ్లి కిరాణా కొట్టాయన చేతికి ఫోన్ ఇచ్చింది. పిన్ కూడా చెప్పింది. ఆ కొట్లో మాకు అప్పు ఉంది. ఇప్పుడు కూలి ఎప్పుడు పడిందో, ఎంత పడిందో అమ్మకంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

దీన్ని మన సెమినార్లలో ‘డిజిటల్ నిరక్షరాస్యత’ అంటాం, లోపమంతా అమ్మదే అయినట్టు. అమ్మకు చదువు అక్కర్లేదని నేననను. కానీ ఇక్కడ తప్పు ఆ బొమ్మలు గీసినవాళ్లది.

ఈ దేశం ఇలాంటి సమస్యను ఒకసారి పరిష్కరించింది. వయోజనులందరికీ ఓటు హక్కు కావాలని 1928లోనే సైమన్ కమిషన్ ముందు బాబాసాహెబ్ అంబేడ్కర్ గట్టిగా అడిగారు. 1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యులు సుమారు 18 శాతమే. అయినా మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ‘ముందు చదువుకుని రండి’ అని ఎవరినీ వెనక్కి పంపలేదు. పార్టీలకు గుర్తులిచ్చారు, బ్యాలెట్ పెట్టెల మీద ఆ గుర్తులు అంటించారు. కాంగ్రెస్‌కు కాడెద్దులు, అంబేడ్కర్ స్థాపించిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు ఏనుగు. ఏనుగును చూసి ఎద్దని ఎవరూ పొరబడరు.

గుర్తుల పోలిక చిన్న విషయమనుకుంటే 2022 మునుగోడు ఉప ఎన్నికను గుర్తు చేసుకోండి. రోడ్డు రోలర్, చపాతీ రోలర్ వంటి గుర్తులు తమ కారును పోలి ఉన్నాయని, ఓటర్లు పొరబడుతున్నారని టీఆర్ఎస్ హైకోర్టు దాకా వెళ్లింది. అధికార పార్టీకి ఆ అవకాశం ఉంది. రెండు బాణాలు ఒకేలా ఉన్నాయని చెప్పడానికి అమ్మ ఏ కోర్టుకు వెళ్లాలి?

ఒకే మందం గీత, ఒకే రంగు, ఒకే గుండ్రం ఉంటే తెర చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లకు బొమ్మ అలంకారం, కింది అక్షరాలు దారి చూపుతాయి. చదవలేనివాళ్లకు బొమ్మే దారి. అందుకే తేడా బొమ్మ ఆకారంలో ఉండాలి. రంగు ఒక్కటే మారిస్తే చాలదు, ఎరుపు ఆకుపచ్చలను వేరుగా గుర్తించలేనివాళ్లు చాలామంది ఉన్నారు. ఫోన్‌ను చేయి చాచినంత దూరంలో పట్టుకుని కళ్లు చికిలించి చూసినా ఏది ఏదో తెలియాలి. బొమ్మ వాడేవాళ్ల బతుకులోంచి రావాలి. ఫ్లాపీ డిస్క్‌ను ఎన్నడూ చూడనివాళ్లకు ఆ బొమ్మ ‘భద్రపరచు’ అని ఎలా చెబుతుంది? డబ్బు వెళ్లే బొమ్మనూ డబ్బు కనిపించే బొమ్మనూ పక్కపక్కన పెట్టకూడదు. ప్రతి బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో తెలుగు మాట ఉండాలి.

అన్నిటికంటే ముందు, ఎవరికి చూపించి సరిచూస్తున్నారన్నది ముఖ్యం. ఆఫీసులో పక్క సీటు మిత్రుడికి చూపిస్తే అన్నీ బాగానే ఉంటాయి. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న మిత్రులారా, మీ ప్రాజెక్టును ఒక్కసారి వాడలోకి తీసుకెళ్లండి. ఉపాధి పని నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిపోతే అక్కడ మీరు దిద్దుకోవాలి.

తన కూలి డబ్బును తన కళ్లతో, ఇంకొకరికి పిన్ చెప్పకుండా చూసుకోవడం అమ్మకు సౌకర్యం మాత్రమే కాదు, ఆత్మగౌరవం.