ఒరిజినల్స్ ఎవరి దగ్గరున్నాయి?

ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరే అమ్మాయి చాలాచోట్ల మొదటిరోజే తన డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్ కరస్పాండెంట్ గారి బీరువాలో పెట్టి వస్తుంది. 'మధ్యలో మానేస్తే పిల్లలేమైపోతారమ్మా' అంటారు. ఏప్రిల్ దాకా చేస్తేనే తిరిగిస్తారు. అన్ని స్కూళ్లూ ఇంతేనని అనను గానీ, మన రెండు రాష్ట్రాల్లో ఈ అలవాటు గురించి వినని టీచరు ఉండరు. భుజం మీద చెయ్యేసి మాట్లాడే ఇన్‌ఛార్జి, రాత్రి పదింటికి 'పడుకున్నారా మేడమ్' అని వాట్సాప్‌లో పలకరించే డైరెక్టరు... వీళ్ల ధైర్యమంతా ఆ సర్టిఫికెట్లలోనే ఉంది. నచ్చకపోతే మానేసి పోయే వీలు ఆమెకు లేదని తెలుసు.

పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే చట్టం 2013లోనే వచ్చింది. పదిమంది పనిచేసే చోటల్లా అంతర్గత కమిటీ ఉండాలి, సీనియర్ ఉద్యోగిని దానికి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, బయటి నుంచి ఒకరు. వేయకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. కాగితం మీద వేస్తారు కూడా. అధ్యక్షురాలు ప్రిన్సిపాల్ మేడమ్. ఆవిడేమో కరస్పాండెంట్ గారి భార్యో, మరదలో. బయటి సభ్యురాలు ఆయన ఆడిటర్ గారి ఆవిడ. ఫిర్యాదు ఆయన మీదే అయితే ఎవరికి చెప్పుకోవాలి?

చాలామందికి తెలియనిది ఇదే. యజమాని మీదే ఆరోపణ అయితే స్కూలు కమిటీతో పనిలేదు. జిల్లా స్థాయి లోకల్ కమిటీకి నేరుగా ఇవ్వొచ్చు. పదిమంది కూడా లేని చిన్న కాన్వెంట్లకూ అదే దిక్కు. ఆయమ్మలు, బస్సులో పిల్లలతో వచ్చే హెల్పర్లు, కాంట్రాక్టు మీద వచ్చే డ్యాన్స్ టీచర్లు అందరూ ఈ చట్టం కిందికే వస్తారు. స్కూలు బస్సు కూడా పనిచేసే చోటే. ఆయమ్మ రాయలేకపోతే రాయడానికి సాయం చేయాల్సింది కమిటీయే.

అయితే లోకల్ కమిటీ అంటూ ఉండాలిగా! చట్టం వచ్చిన పదకొండేళ్లకు, 2024 డిసెంబరులో, జిల్లా అధికారులను నియమించండి, కమిటీలు వేయండి అని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు గడువు పెట్టాల్సి వచ్చింది. ఫిర్యాదుకు గడువేమో మూడే నెలలు, తగిన కారణం ఉంటే ఇంకో మూడు. డిసెంబరులో జరిగినదాని మీద నోరు విప్పాలంటే ఒరిజినల్స్ ఏప్రిల్ ఆఖరుకు గానీ చేతికి రావు. అప్పటికి మొదటి మూడు నెలలు దాటిపోతాయి.

స్కూలు గుర్తింపు రెన్యువల్‌కి వెళ్తే ఫైర్ ఎన్‌ఓసీ, బిల్డింగ్ సర్టిఫికెట్, శానిటరీ సర్టిఫికెట్ అడుగుతారు. మంచిదే. ఆ ఫైల్లోనే కమిటీ సభ్యులకూ మేనేజ్‌మెంటుకూ ఉన్న చుట్టరికాలు, లోకల్ కమిటీ చిరునామా స్టాఫ్‌రూమ్‌లో అంటించిన ఫొటో, ఒరిజినల్స్ తిరిగి ముట్టినట్టు టీచర్ల సంతకాలు కూడా అడగాలి. సంతకాలు బలవంతంగా పెట్టించుకుంటారంటారా? పెట్టించుకుంటారు. అందుకే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు కరస్పాండెంట్ గదిలో టీ తాగి వెళ్లిపోకుండా, ఒక మహిళా అధికారిని స్టాఫ్‌రూమ్‌కి పంపి, మేనేజ్‌మెంటు మనిషి లేకుండా టీచర్లనూ ఆయమ్మలనూ విడివిడిగా అడిగించాలి.